అస్తరు

లచ్చుబాయి కుర్చీలో వాలేముందు
ఒళ్లోని సంచిని రెండుసార్లు సర్దుకుంది.
సుల్తాన్ బజార్‌లో నలభై ఆరేళ్లు
చీరలకు ఫాల్ కుట్టిన చేతులు,
ఊరికే ఉండటం వాటికి రాదు.

"నొప్పేం లేదు బిడ్డా.
గీ ముందటి పన్ను దారానికి దొరుకుతలేదు. గంతే."

నిజమే, పైపంటి కొసన సన్నటి గాడి.
కత్తెర వెతికే తీరిక లేక
దారం తెంపీ తెంపీ పడ్డది.
ఎందరి పెళ్లిచీరలు దానిలోంచి జారి వెళ్లాయో!
కానీ నేను చూడాల్సింది అది కాదు.
ఇంకాస్త పైన,
చిగురు వెనక్కి జరిగిన చోట.

ఉతికి ఉతికి పైబట్ట కురచైపోతే
లోపలి అస్తరు కనిపిస్తుంది చూడండి,
వేరు అలా బయటపడుతుంది.
దానికి పింగాణీ పూత లేదు.
ఎండావానల కోసం నేసిన బట్ట కాదది.

గాలి ఊది ఆరబెట్టాను.
చిగురు గీత వెంబడే తేనెరంగు మరక,
మెరుపు లేదు,
వెనక పళ్లలో మరో నాలుగింటికి పాకింది.
సూదిమొన గుచ్చలేదు,
గుండ్రటి మొనను ఆనించి మెల్లగా నడిపించాను.
గట్టి పన్నయితే గీరుమంటుంది.
ఇక్కడ ఏ చప్పుడూ లేదు,
తడిసిన తోలు మీద వేలు పెట్టినట్టుంది.

అద్దం బయటికి తీయబోతే
బుగ్గకు అంటుకుపోయింది.
అక్కడ ఆగాను.
తడి ఉన్న నోట్లో అద్దం జారాలి.

"ఏమేం గోళీలు వేసుకుంటున్నావమ్మా?"
సంచిలోంచి ఖాళీ పట్టీలు తీసింది,
రబ్బరు బ్యాండు చుట్టి, ఒక్కటీ పారేయకుండా.
బీపీకి. నిద్రకి.
మాటిమాటికీ లేవకుండా మూత్రానికి.
వాటి అడుగున ఇంకో పొట్లం, పిప్పరమెంట్లు.
"గొంతెండుతది. మిషను మీద కూసున్నంతసేపు
ఒకటి బుగ్గల వెట్టుకుంట."
రోజుకెన్ని?
"బాబిన్ ఎన్నిసార్లు నిండితే అన్ని."

గోళీ నోరెండబెట్టింది.
ఎండిన నోరు తీపినడిగింది.
కడిగే ఉమ్మి లేక తీపి వేరు పక్కనే కాపురం పెట్టింది.
దొంగకు తలుపు తీసింది మేమే,
చీటీ మీద సంతకం చేసి.

కొత్తలో నా చేతికి డ్రిల్లంటే మోజు.
ఇప్పుడు తవ్వకుండా ఆపగలిగితే
ఆ రోజు అన్నం సయిస్తుంది.
"వెనక పళ్లకు వెండిమందు రాస్తాను,
పుచ్చు ఆగుతుంది. మచ్చ మాత్రం నల్లబడుతుంది."
"నల్లగుండీ లెక్కనా?"
"అచ్చం."
"ఎనక ఏమన్న గానీ. ముందట రంగు కలవాలె.
ఫాల్ రంగు తప్పిన చీర
నేనైతే చేతికియ్య."

ముందుపంటికి సిమెంటు నింపాలి.
రంగుల పట్టీ పట్టి ఒకటి ఎంచాను.
చేతి అద్దంలో చూసి తలూపింది, కాదని.
పట్టీ లాక్కుని కిటికీ దగ్గరికి నడిచింది,
రాంకోఠి ఎండ లోపలికి పడేచోటికి.
"ట్యూబులైటు కింద ఎవరన్న రంగు జూస్తరా?
గిది తెలుపెక్కువ."
ఆ పక్కదాని మీద గోరు పెట్టింది.

ఆరిన పన్ను తెల్లబడి అబద్ధమాడుతుంది.
చదువుకున్నాను, పిల్లలకు పాఠం చెప్పాను,
అయినా గాలి ఊదాకే రంగు చూశాను.
పుక్కిలించమని నీళ్లిచ్చి, కాసేపు ఆగి
మళ్లీ పట్టి చూస్తే
ఆమె గోరు పెట్టిందే సరిపోయింది.

ఫ్లోరైడ్ ఎక్కువున్న పేస్టు రాసిచ్చాను.
పిప్పరమెంట్లకు బదులు నీళ్ల సీసా.
మూత్రం గోళీ మార్చగలరా అని
వాళ్ల డాక్టరుకు ఉత్తరం.
జవాబు రాలేదు.

మూడు నెలలకు లచ్చుబాయి వచ్చింది.
వెనక పళ్ల మీద నాలుగు నల్లగుండీలు, నిగనిగా.
మొన ఆనించాను.
గీరుమంది.
అద్దం బుగ్గను వదిలింది, పూర్తిగా కాదు,
కొంచెం మొరాయించి.
పట్టీ మారిందో, నీళ్లే పనిచేశాయో!

మెడలో తాడుకు చిన్న కత్తెర వేలాడుతోంది.
"ఉన్నది గానీ బిడ్డా," అంది లేస్తూ,
"దారం కనవడంగనే నోరే ముందుగాల వోతది."